ఫుజైరా చన్నీళ్ళలో మా సత్తిబాబు

ఎమిరేట్స్‌లో సముద్రం చల్లగా ఉంటుందని చెబితే మా స్కూలు స్టాఫ్ రూములో ఎవరూ నమ్మలేదు. వాళ్ళననేం లాభం, షార్జాలో ఏడేళ్ళుగా పిల్లలకు లెక్కలు చెబుతున్నాను, నాకే తెలియదు. మేముండే వైపు సముద్రం లోతు తక్కువ, వేసవిలో పాదం పెడితే వేణ్ణీళ్ళ బకెట్లో పెట్టినట్టే ఉంటుంది. కొండలు దాటి తూర్పుకు పోతే దిబ్బా, ఖోర్ ఫక్కాన్, ఫుజైరా ఊళ్ళ ముందున్నది వేరే సముద్రం. లోతుది, రంగు ముదురుది. జనవరిలో అందులో కాసేపుంటే మన గోదావరి జిల్లా మనిషికి పళ్ళు టకటకా కొట్టుకుంటాయి. 2005 బక్రీద్ సెలవుల్లో ఆ నీళ్ళలో మూడు సార్లు మునిగి తేలాను. నాకు ఈత రాదు.

దీనికంతటికీ కారణం మా తమ్ముడు సత్తిబాబు. నాకన్నా తొమ్మిదేళ్ళు చిన్న. పుట్టుకతోనే వినబడదు, మాట రాదు. అయితే ఏం, మా ఇంట్లో అందరికీ చేతులున్నాయి. అమ్మ అంటే ముక్కుపుడక మీద వేలు. నాన్న అంటే మీసం మెలేయడం. నేనంటే భుజం మీది జడ లాగడం. నేను జుట్టు కత్తిరించుకుని చాలా ఏళ్ళయింది, వాడి లెక్కలో నాకింకా జడ ఉంది. బయటివాళ్ళకీ వాడికీ మధ్య మాట మోసేది ఎప్పుడూ నేనే. అమలాపురం బడిలో, బస్సులో, ఇక్కడికొచ్చాక వాడికి వీసా ఇచ్చిన కఫీల్ దగ్గర, ఎక్కడైనా వాడి పక్కన నిలబడి ఇటుదటు, అటుదిటు చెబుతూ పెరిగాను.

వాడు ఉమ్ అల్ క్వైన్‌లో ఫైబర్ పడవలు తయారుచేసే షెడ్డులో పనిచేస్తాడు. మూడేళ్ళుగా పడవలు చేస్తూనే ఉన్నాడు, ఒక్కదానిలోనూ సముద్రం మీదికి పోలేదు. డైవింగ్ నేర్పే రామోన్ అనే ఫిలిప్పినో తన పడవ అడుగు చీలిందని ఆ షెడ్డుకు తెచ్చి నెల రోజులు అక్కడే తిరిగాడు. అతని కనుబొమ్మకు అడ్డంగా పాత గాటు ఉంది. మావాడు వేలితో కనుబొమ్మ మీద గీత గీసి అతనికి పేరు పెట్టాడు. సెలవు రోజుల్లో కూడా వచ్చి ఆ పడవ బాగుచేశాడు. దానికి బదులుగా రామోన్ డైవింగ్ నేర్పుతానన్నాడు.

రామోన్ ఒప్పుకున్నాడు గానీ అతని సెంటరు ఒప్పుకోలేదు. దాన్ని నడిపేది పొడుగాటి తెల్లావిడ. పనివాళ్ళు ఆమెను ముదీర్ అంటారు, అంటే మేనేజరు. డాక్టరు చెవిపొర బాగానే ఉందని, లోపమంతా లోపలి నరంలోదని రాసిచ్చినా ఆమె బెంగ వేరే. నీళ్ళలో ఏదైనా ప్రమాదమొస్తే వినబడని మనిషిని ఎలా పిలుస్తారని అడిగింది. చివరికి రామోన్ పోరగా పోరగా ఒక మాటకొచ్చింది. ఒడ్డు దగ్గరి పాఠాలకీ, మొదటి మునకలకీ వాడి అక్క పక్కనుండి చెప్పాలి. సముద్రంలో నాలుగు మునకలు వేయాలి. నాలుగోదానికి తనే దిగి చూస్తుంది. నచ్చితే కార్డు ఇస్తుంది. ఆ కార్డు ఉంటే ఏ డైవింగ్ పడవైనా ఎక్కించుకుంటుంది, లేకపోతే ఏదీ ఎక్కించుకోదు.

నాకు ఈత రాదని చెప్పాను. మొదటిసారి దిగేవాళ్ళకు ఈత రాకపోయినా ఫరవాలేదని, చెయ్యి వదలకుండా పట్టుకుంటానని రామోన్ అన్నాడు. మా ఆయన జెబెల్ అలీలో డ్యూటీలో ఉన్నాడు, ఫోనులోనే నవ్వాడు. నాకు పౌరుషం వచ్చింది.

మసాఫీ

మమ్మల్ని తీసుకెళ్ళింది ఖాజా భాయ్. నెల్లూరు దగ్గర కావలి మనిషి, ఆ సెంటరులో పడవ నడుపుతాడు, గాలి సిలిండర్లు నింపుతాడు. బక్రీద్ నమాజుకు షార్జాలో బంధువుల దగ్గరికొచ్చి మర్నాడు తిరిగి వెళుతూ మమ్మల్ని పికప్‌లో ఎక్కించుకున్నాడు. వెనక ఖాళీ సిలిండర్లు, ముందు ముగ్గురం.

ఇసుక అయిపోయి కొండలు మొదలయ్యే చోట మసాఫీ. రోడ్డుకు రెండు వైపులా కొట్లు, తివాచీలు, కుండలు, మొక్కలు, పళ్ళు. దాని పేరు శుక్రవారం సంత. వారం పొడుగునా తెరిచే ఉంటుంది. పేరు ఎందుకు మార్చలేదని ఖాజాను అడిగితే, మా ఊళ్ళో ఆదివారం సంత కూడా అంతేనన్నాడు.

కోనసీమలో పుట్టినదాన్ని, దాహమేసి కొబ్బరిబొండం అడిగాను. అయిదు దిర్హాములన్నాడు కొట్టువాడు. ఇంటి దగ్గర దొడ్లో రాలిపడినవి ఎత్తే దిక్కులేక కాళ్ళకు అడ్డంపడేవి. ఇది కేరళ నుంచి ఓడలో ముసలిదై వచ్చింది, నీళ్ళు ఉప్పగా ఉన్నాయి. సత్తిబాబు ఒక గుక్క తాగి, రెండు చేతులతో కాయను పట్టుకుని చెవి దగ్గర ఊపి, కొట్టువాడికి తిరిగిచ్చి తల అడ్డంగా ఆడించాడు. చెవిటివాడు కాయ ఊపి చూసి బాగాలేదంటున్నాడని ఆ పఠాన్ కొట్టువాడికి ఎలా తెలుస్తుంది. పాపం, నిజమేననుకుని ఇంకో కాయ కొట్టిచ్చాడు. అది బాగుంది. పికప్ ఎక్కాక మావాడు నవ్వు ఆపుకోలేకపోయాడు.

అల్ అఖా తీరం

దిబ్బాకు ఇవతల అల్ అఖా అనే చోట ఆ సెంటరు ఉంది. కొండలు దాదాపు నీళ్ళ దాకా దిగివస్తాయి. తూర్పు తీరం కాబట్టి పొద్దున్నే సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. అది చూడగానే అంతర్వేది గుర్తొచ్చింది. షార్జాలో ఇన్నాళ్ళూ సూర్యుడు సముద్రంలోకి పోవడమే చూశాను.

చలికి తట్టుకోవడానికి మందపాటి రబ్బరు సూటు ఇచ్చారు. ఆడవాళ్ళ గదిలో ఒక్కదాన్నే దానితో కుస్తీ పట్టాను. మోకాళ్ళ దాకా ఎక్కింది, ఆపైన ఎక్కలేదు. గంతులేసి, గోడకు ఆనుకుని, చెమటలు కక్కి మొత్తానికి తొడిగి బయటికొచ్చాను. ఖాజా ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"అక్కా, సూటు తిరగేసి తొడుక్కున్నావే. జిప్పు వీపు మీదకి రావాల," అన్నాడు ఎటో చూస్తూ.

మళ్ళీ లోపలికి. ఈసారి అతను గిన్నెలు కడిగే సబ్బు కలిపిన నీళ్ళ సీసా ఇచ్చాడు, లోపల పోసుకుంటే జారుతుందని. నిజంగానే జారింది. ఆ మూడు రోజులూ నా నుంచి నిమ్మకాయ సబ్బు వాసన వచ్చింది.

మొదటి రోజు నడుములోతు నీళ్ళలో సాధన, తరవాత రామోన్ చెయ్యి పట్టుకుని తలమునిగే లోతుకి. కాలర్ సందులోంచి చన్నీళ్ళు వెన్ను మీద దిగినప్పుడు అమ్మో అన్నాను. నోట్లో గాలి గొట్టపు రబ్బరు ఉంది కాబట్టి బుడగలు మాత్రం వచ్చాయి. రామోన్ సంజ్ఞలు నేర్పాడు. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుడితే బాగున్నానని. చెయ్యి అటూ ఇటూ ఊపితే ఏదో తేడాగా ఉందని. బొటనవేలు పైకెత్తితే పైకి పోదామని. నేను ఒక్కొక్కటీ సత్తిబాబుకు మా ఇంటి సైగల్లోకి మార్చి చెప్పబోయాను. వాడు నా చేతులు పట్టుకుని ఆపి, రామోన్ వైపే చూపించాడు.

దిబ్బా రాక్

సముద్రంలోంచి లేచిన ఒక రాతి గుట్టకు దిబ్బా రాక్ అని పేరు. దిబ్బా ఊరి పేరే అయినా ఆ రాయి అచ్చం మన దిబ్బే. రెండో రోజు పొద్దున అక్కడికెళ్ళాం. గాలి కత్తిలా ఉంది. ఈ నీళ్ళ మీద ఇన్నేళ్ళుగా పడవ నడుపుతున్నా ఒక్కసారీ కాలు పెట్టలేదని, చలంటే తనకు పడదని ఖాజా చెప్పాడు. దిగే ముందు వినాల్సిన మాట కాదది.

కింద నేను అనుకున్నట్టు చీకటి లేదు. ముదురు గులాబీ రంగు పగడాలు క్యాబేజీ తోటలా పరుచుకున్నాయి. వాటి మధ్య చారల చేపలు, పసుపు చేపలు, మనల్ని లెక్కచేయకుండా వాటి పని మీద అవి. నా ఊపిరి నాకే వినబడుతోంది. ఇంత బాగుంటుందని తెలియదు. రామోన్ నా ముఖంలోకి చూసి ఎలా ఉందని అడిగాడు. సంతోషం పట్టలేక బొటనవేలు పైకెత్తాను, భేషుగ్గా ఉందని. అతను తలూపి నన్ను నెమ్మదిగా పైకి తీసుకుపోయాడు. తల బయటికొచ్చాక ఏమైందని కంగారుగా అడిగాడు. ఏమీ కాలేదు, బాగుందని చెప్పానన్నాను. మాతోపాటు పైకొచ్చిన సత్తిబాబు నీళ్ళలో తేలుతూ నా వేలు పట్టుకుని మడిచి, సున్నా చుట్టి చూపించాడు, చిన్నపిల్లకి అక్షరం దిద్దించినట్టు.

మళ్ళీ దిగాం. అప్పుడు వచ్చింది తాబేలు. మా ఇంట్లో రుబ్బురోలంత ఉంది. మా ముందు నుంచి తీరిగ్గా పోయింది. సత్తిబాబు దాని వెంటపడ్డాడు. ముందు దగ్గర్లోనే ఉన్నాడు, తరవాత రాతి మలుపు తిరిగాడు, తరవాత వాడి కాళ్ళకు తొడిగిన రబ్బరు రెక్కలు మాత్రం కనిపించాయి. రామోన్ నన్ను వదల్లేడు. కత్తి పిడితో తన సిలిండర్ మీద కొట్టాడు. నీళ్ళలో ఆ చప్పుడు నా తలకాయ లోపల కొట్టినంత గట్టిగా వినిపించింది. దూరంగా ఉన్న వేరే డైవర్లు ఇద్దరూ తిరిగి చూశారు. మావాడు తిరగలేదు.

రామోన్ నన్ను లాక్కుంటూ ఈది మలుపు దాటాడు. వాడు అక్కడే ఉన్నాడు. తాబేలు పోయింది, అది పోయిన వైపు చూస్తూ నిలబడ్డాడు. రామోన్ ముఖం ఎలా ఉందో మాస్కులోంచి కూడా వాడికి అర్థమైంది.

రెండో మునకకి నన్ను పడవలో ఉంచేశారు. రామోన్ వాడి భుజం పట్టీ వదలకుండా తీసుకెళ్ళి తీసుకొచ్చాడు. ఒడ్డుకొచ్చేసరికి సంగతి ముదీర్‌కి చేరింది. ఆమె అరవలేదు. తను మొదటి నుంచీ భయపడింది దీనికేనని, రేపు ఇంకొక్కసారి ఇలా జరిగితే ఖలాస్ అని నాతో చెప్పి, వాడికి చెప్పమంది. చెప్పాను. వాడు చూసి తల దించుకున్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆమె మాట తప్పని నేనూ అనలేను, ఆ చప్పుడు నేనూ విన్నాను కదా.

సాయంత్రం ఇసుకలో కూర్చున్నాక వాడే చెప్పుకొచ్చాడు. షెడ్డులో క్రేన్లు, ఫోర్క్‌లిఫ్టులు తిరుగుతుంటాయి, హారన్ వినబడదు కాబట్టి వాడు నాలుగు అడుగులకోసారి వెనక్కి చూస్తాడు. రోడ్డు మీదా అంతే, బజార్లోనూ అంతే, చిన్నప్పటి నుంచీ అంతే. మెడ వాడికి అలా అలవాటైపోయింది. ఇవాళ తాబేలును చూసి మొదటిసారి వెనక్కి చూడ్డం మరిచిపోయాడట. ఎంత హాయిగా అనిపించిందో చెప్పడానికి రెండు చేతులూ గుండె మీద నుంచి బార్లా చాపాడు. తరవాత చేతులు దింపి, రేపు మరవనన్నాడు. ఇన్నేళ్ళుగా వాడి పక్కన నడిచాను, ఆ మెడ తిరగడం ఎందుకో ఒక్కసారీ అడగలేదు.

దిబ్బా రేవులో కాఫీ

మనసు బాగోలేదని ఖాజా మమ్మల్ని దిబ్బా రేవుకు తీసుకెళ్ళాడు. మలయాళీ కెఫటేరియాలో చేపల పులుసు, పరోటా తిన్నాం. పులుపుకి చింతపండు కాకుండా వాళ్ళ నల్లటి పులుపు ముక్కలు వేశారు. మూడో ముద్దకి అలవాటైంది, అయిదో ముద్దకి ఇంకొంచెం పులుసు పొయ్యమన్నాను. టీ అర్ధ దిర్హాము, పరోటా కూడా అంతే. షార్జాలో అప్పటికే టీ దిర్హాము అయిపోయింది.

రేవు పక్కన షెడ్డు కింద ఒక ముసలాయన పడవ కడుతున్నాడు. ఆ దేశపు మనిషి, కందూరా అనే పొడుగాటి తెల్ల అంగీని మోకాళ్ళ దాకా ఎగదోపుకున్నాడు. పడవంటే చెక్క కాదు, ఖర్జూర మట్టల్ని తాళ్ళతో కుట్టింది. షాషా అంటారట. ఇప్పుడెవరూ వీటిలో వేటకు పోరు, చేతులు ఊరికే ఉండలేక కడుతున్నానని ఆయన అన్నాడని ఖాజా చెప్పాడు. మా గోదావరిలో తాటి దోనెలుంటాయి గానీ మట్టలతో పడవ కట్టడం నేనెక్కడా చూడలేదు. సత్తిబాబు వంగి ప్రతి ముడీ తడిమి చూశాడు. ఆయన వాడికి అరబ్బీలో ఆపకుండా చెబుతూనే ఉన్నాడు. వినబడదని ఖాజా చెప్పాడు. ఆయన ఓహో అన్నట్టు తలూపి, మళ్ళీ అరబ్బీలోనే చెబుతూ ఈసారి తాడు చేతిలో పెట్టి చూపించాడు. ఇద్దరూ కలిసి ఒక మట్ట బిగించారు.

తరవాత ఆయన పెట్టిన ఖర్జూరాలు, చిన్న గిన్నెల్లో యాలకుల కాఫీ. చేదు, కానీ వేడి. ఖాళీ చేసి ఇచ్చాను, మళ్ళీ పోశాడు. మర్యాద కదా, తాగాను. మళ్ళీ పోశాడు. అయిదోది అయ్యేసరికి నా గుండె దడదడలాడుతోంది. సత్తిబాబు రెండో గిన్నె తరవాత దాన్ని అటూ ఇటూ ఊపి ఇచ్చాడు, ముసలాయన తీసుకుని పక్కన పెట్టాడు. చాలనడానికి అక్కడ అదే పద్ధతి. ఖాజా అలా చేయడం వాడు గమనించాడు. మన దగ్గరైతే విస్తరి మీద చేతులు అడ్డం పెట్టి, వద్దు వద్దని అరిచినా వడ్డించేస్తారు. ఇక్కడ గిన్నె ఊపితే చాలు, ఎంత సుఖం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే తప్పు కాఫీదే.

ఖోర్ ఫక్కాన్

మూడో రోజు ముదీర్ కూడా పడవెక్కింది. ఖోర్ ఫక్కాన్ ముందు షార్క్ ఐలాండ్ అనే దీవి ఉంది. దీవి పేరు చూసి భయపడకండి, నాకు ఒక్క షార్కూ కనబడలేదు. నీళ్ళు ముందురోజు కన్నా చల్లగా, పచ్చగా ఉన్నాయి.

మూడో మునక రామోన్, సత్తిబాబు ఇద్దరే వేశారు. పైకొచ్చేసరికి మావాడి పెదాలు నల్లబడి ఉన్నాయి, కళ్ళు మాత్రం వెలుగుతున్నాయి. కింద ఊదారంగు తోట ఉందని, నేను చూసి తీరాలని పట్టుబట్టాడు. నాలుగోది వాడి పరీక్ష, మధ్యలో నేనెందుకన్నాను. ముదీర్ ఒక్క క్షణం ఆలోచించి, రానిమ్మంది.

దిగాం. రామోన్ నా పక్కన, సత్తిబాబు కొంచెం ముందు, ముదీర్ అందరికీ వెనక. వాడు మూడు నాలుగు ఊపిర్లకోసారి తిరిగి ముగ్గుర్నీ చూసి మళ్ళీ ముందుకు పోతున్నాడు. రోడ్డు మీద నడిచేటప్పుడు చేసే పనే అది. కింద నిజంగానే ఊదారంగు తోట. మెత్తటి పగడాలు, పువ్వుల్లా ఊగుతున్నాయి. ఒక చేప అగ్గిపెట్టెలా నలుపలకలుగా ఉంది, చుక్కల చొక్కా వేసుకుంది, మూతి ముడిచి నన్ను అచ్చం మా హెడ్‌మాస్టర్‌లా చూసింది. నాకు నవ్వొచ్చింది. మాస్కు పెట్టుకుని నవ్వకూడదని నాకెవరూ చెప్పలేదు. బుగ్గ ముడత పడి సందులోంచి నీళ్ళు లోపలికొచ్చాయి. చన్నీళ్ళు కళ్ళ దాకా, ముక్కులోకి. ఏమీ కనబడలేదు. మాస్కు తీసి పారేసి పైకి పారిపోవాలన్న ఒక్క ఆలోచనే మిగిలింది.

సరిగ్గా అప్పుడే రామోన్ ఏదో పగడం చూపించడానికి ముఖం అటు తిప్పాడట. నా మణికట్టు మీద రెండో చెయ్యి పడింది. సత్తిబాబు. వెనక్కి చూసే అలవాటుకొద్దీ చూసి వచ్చేశాడు. వాడు నన్ను లాగలేదు. మాస్కు మీదికి పోయిన నా చేతిని దింపి, తన మాస్కు పైఅంచు నొక్కి పట్టుకుని ముక్కుతో గాలి వదిలి చూపించాడు. అది మొదటి రోజే నేర్పారు, నేను మరిచిపోయాను. మళ్ళీ చూపించాడు. నేనూ నొక్కి వదిలాను, సగం నీళ్ళు పోయాయి. ఇంకోసారి వదిలాను. వాడి ముఖం కనబడింది. సున్నా చుట్టి కనుబొమ్మలెగరేశాడు, బాగున్నావా అని. నేను సున్నా చుట్టాను. ఈసారి తప్పు వేలు ఎత్తలేదు.

వాడు వెంటనే తల తిప్పి ముదీర్ ఎక్కడుందో చూసుకున్నాడు. ఆమె రెండు బారల దూరంలో చేతులు కట్టుకుని ఆగి ఉంది. అంతా చూసింది, కదల్లేదు.

పడవెక్కాక ఆమె ఏం చెబుతుందోనని ఆమె ముఖమే చూస్తున్నాను. ఆమె మాస్కు తీసి, జుట్టు పిండుకుని, నా వైపు రాలేదు. నేరుగా వాడి ముందు కూర్చుంది. తన కళ్ళు చూపించి, వేలితో వెనక వైపు తిప్పి, మళ్ళీ కళ్ళు చూపించి తలూపింది. తరవాత గాలిలో అరచేయంత కార్డు ఆకారం గీసి, దాన్ని తీసి వాడి చేతిలో పెట్టినట్టు పెట్టింది. అలవాటుకొద్దీ చెప్పడానికి చేతులెత్తాను. చెప్పడానికి ఏమీ మిగల్లేదు. వాడు అప్పటికే రామోన్‌ను వాటేసుకున్నాడు.

ఖాజా బక్రీద్ మాంసంతో ఖీమా వండి తెచ్చాడు. పరోటాలో చుట్టుకుని వణుకుతూ తిన్నాం. ఆ చలిలో అంత రుచి ఏ పెళ్ళి విందులోనూ ఎరగను. నేను తలకు తువ్వాలు చుట్టుకుని వాళ్ళ వైపు వీపు పెట్టి ఎండకు కూర్చున్నాను. వెనక నవ్వులు మొదలయ్యాయి. రామోన్, ఖాజా పడీ పడీ నవ్వుతున్నారు. తిరిగి చూసేసరికి సత్తిబాబు చేతులు ఒళ్ళో పెట్టుకుని అమాయకంగా సముద్రం చూస్తున్నాడు. ఏమన్నాడని ఖాజాను అడిగాను.

"మా అక్కని నీళ్ళల్లోనే ఉంచితే బాగుంటది, అక్కడైతే గమ్మునుంటది అంటుండాడక్కా," అన్నాడు.

మా తమ్ముడి మాట ఇంకొకరు నాకు విడమరిచి చెప్పడం, వాడు పుట్టాక అదే మొదటిసారి. కోపం తెచ్చుకుందామనుకున్నాను, రాలేదు. తలకున్న తడి తువ్వాలు తీసి వాడి మీదికి విసిరాను. అది గురి తప్పి ముదీర్ ఒళ్ళో పడింది. ఆమె ఉలిక్కిపడి, ఏమైంది, వాడేమన్నాడని అడిగింది. నేను నోరు తెరిచేలోగా ఖాజాయే వచ్చీరాని ఇంగ్లీషులో మొత్తం చెప్పేశాడు.